జాబ్ కార్డులో నా వాక్యం

స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేసినవాళ్లకి ఒక అలవాటు మిగిలిపోతుంది. ఏ కాగితం కనబడినా ఇందులో చెప్తున్నది ఎవరు, రాస్తున్నది ఎవరు అని వెతుకుతాం. కోర్టు వాంగ్మూలాలకీ, ఆస్పత్రి కేసు షీట్లకీ ఈ ప్రశ్న వేస్తాం. మోటార్‌సైకిల్ సర్వీస్ సెంటర్లో ఇచ్చే జాబ్ కార్డుకి మాత్రం ఎవరూ వేయగా నేను చూడలేదు. ఈ రెండేళ్లలో నేను అన్నిటికంటే శ్రద్ధగా చదివింది ఆ జాబ్ కార్డునే.

బండిని సర్వీసుకి ఇచ్చినప్పుడు కౌంటర్లో రాసే కాగితం అది. బండి నంబరు, తిరిగిన కిలోమీటర్లు, ట్యాంకులో ఎంత పెట్రోలుంది, ఎక్కడ గీతలు పడ్డాయి, ఇవన్నీ పోగా ఒక గడి ఉంటుంది. చాలాచోట్ల దాని పేరు ‘కస్టమర్ వాయిస్’. యజమాని చెప్పింది చెప్పినట్టు రాయాల్సిన చోటు. రాసేది మాత్రం సర్వీస్ అడ్వైజర్. లోపలున్న మెకానిక్ మనల్ని చూడడు, ఆ గడిని చూస్తాడు. అందులో పడని జబ్బు ఆ బండికి లేనట్టే లెక్క.

నాది మూడొందల యాభై సీసీ మోటార్‌సైకిల్. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఫెలోషిప్పు డబ్బు కొంత, బ్యాంకు అప్పు కొంత కలిపి కొనుక్కున్నాను. తెలుగు సినిమా తెర వెనక పనిచేసే ఆడవాళ్ల గురించి ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి వారంలో నాలుగు రోజులు యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, ఫిల్మ్‌నగర్ మధ్యే తిరుగుతాను. కృష్ణానగర్ పల్లంలో ఉంటుంది. అక్కడ జూనియర్ ఆర్టిస్టులు, హెయిర్ డ్రెస్సర్లు, లైట్‌మెన్, డ్రైవర్లు ఉంటారు. స్టూడియోలు, నిర్మాతల ఇళ్లు, అద్దాల షోరూములు పైన ఉంటాయి. పనికి వెళ్లడమంటే ఇక్కడ అక్షరాలా గుట్ట ఎక్కడమే.

కొన్న ఏడో నెలలో నా బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం మొదలుపెట్టింది. న్యూట్రల్‌లోకి తెచ్చి బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. ఒకరోజు ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద, వెనకాల నీళ్ల ట్యాంకరు వస్తుండగా ఆగింది. కాళ్లు రెండూ నేలకి అదిమి, బరువంతా ఆపుకుని నిలబడ్డాను. ట్యాంకరు డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి ఇది రాస్తున్నాను.

సర్వీస్ సెంటర్లో మొదటిసారి, “క్లచ్ సరిగ్గా వదలట్లేదేమో మేడమ్” అన్నారు. రెండోసారి, “బరువు బండి కదా, మీకు ఇంకా అలవాటు కావాలి” అన్నారు. మూడోసారి, “ఇంట్లో సార్ ఎవరైనా ఉంటే పంపండి మేడమ్, ఆయనతో ట్రయల్ వేయిద్దాం” అన్నారు. ఎవరూ కసురుకోలేదు, చాలా మర్యాదగా చెప్పారు. కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు. ఆ మూడు జాబ్ కార్డులూ నా దగ్గరున్నాయి. ‘జనరల్ చెకప్’, ‘చైన్ అడ్జస్ట్’, ‘వాటర్ వాష్’ అని ఉంది. ‘నడుస్తుండగా ఇంజన్ ఆగిపోతోంది’ అని నేను మూడుసార్లు చెప్పిన వాక్యం మూడింట్లోనూ లేదు. బండి మాత్రం ప్రతిసారీ తళతళలాడుతూ బయటికొచ్చింది.

మగవాళ్లని ఈ సర్వీస్ సెంటర్లు నెత్తిన పెట్టుకుంటాయా అని అడగొచ్చు. లేదు. వెయిటింగ్ హాల్లో కూర్చుని విన్నాను కదా. చెప్పని పార్టు మార్చి బిల్లు వేశారని, సాయంత్రానికి ఇస్తామన్న బండి మూడు రోజులు ఉంచుకున్నారని, కొత్త బండికే ఆయిలు కారుతోందని వాళ్లూ గొడవపడుతున్నారు. కానీ ఆ గొడవ బండి గురించి జరుగుతుంది. అది కారుతోందా లేదా, పార్టు అరిగిందా లేదా అని. నా దగ్గరికి వచ్చేసరికి చర్చ నా గురించి అయిపోతోంది. నా కాళ్లు అందుతున్నాయా, నాకు క్లచ్ వదలడం వచ్చా, నాకు సార్ ఉన్నాడా? ఒంట్లో నొప్పి అని డాక్టరు దగ్గరికెళ్తే ‘టెన్షన్ పడుతున్నారేమో’ అనిపించుకున్న ఆడవాళ్లందరికీ ఈ మలుపు తెలుసు. యంత్రానికి వచ్చిన జబ్బు కూడా మన స్వభావంలోంచే పుట్టిందంటారు.

కంపెనీలు ఆడవాళ్లని పట్టించుకోలేదని అనలేం. 1984లో వచ్చిన కైనెటిక్ హోండాకి గేర్లు లేవు, కిక్కు కొట్టే పని లేకుండా బటన్ స్టార్టు ఉంది. దాంతో చీరకట్టుతో స్కూటర్ నడపడం సులువైంది. తొంభైల్లో స్కూటీ కాలేజీ అమ్మాయిల చేతికొచ్చింది. 2000ల మధ్యలో ప్లెజర్ తెచ్చిన హీరో హోండా ఆడవాళ్ల కోసమే వేరే షోరూములు తెరిచింది. ముందు హాల్లో మనకోసం రంగులు, అద్దాలు, అమ్మాయిల నవ్వులు అమర్చారు. వెనకనున్న వర్క్‌షాప్ మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఇక మోటార్‌సైకిల్ సంగతి చెప్పేదేముంది, తెర మీద అది హీరో వాహనం. 2021లో ఊరూవాడా మార్మోగిన ‘బుల్లెట్టు బండి’ పాట నాకూ ఇష్టమే. ఎంత చలాకీగా ఉన్నా అందులో పెళ్లికూతురు వరుడి బండెక్కి వస్తానంటుంది. హ్యాండిల్ ఆమె చేతిలో ఉన్న పాట కోసం ఇంకా ఎదురుచూస్తున్నాను.

నా పరిశోధనలో మాట్లాడిన ఆడవాళ్లని బండి గురించి కూడా అడగడం మొదలుపెట్టాను. కృష్ణానగర్లో ఉండే ఒక హెయిర్ డ్రెస్సర్‌కి ఉదయం ఆరింటి కాల్‌షీట్ అంటే నాలుగున్నరకే బయల్దేరాలి. ఆ వేళ బస్సుండదు, ఆటో అడిగినంత ఇవ్వాలి. ఆమె స్కూటర్ సర్వీసులో నాలుగు రోజులు ఉండిపోయినప్పుడు రెండు రోజుల పని ఇంకొకరికి వెళ్లిపోయింది. “బండి ఆగితే కూలి ఆగినట్టేనమ్మా, ఆ సంగతి వాళ్ల బిల్లులో ఉండదుగా” అంది. డబ్బింగ్ చెప్పే ఇంకొకామె రాత్రి చివరి మెట్రో వెళ్లిపోయాక థియేటర్లోంచి బయటికొస్తుంది. ఫలానా కంపెనీ స్కూటరే ఎందుకు కొన్నారని అడిగాను. మైలేజీ మాట ఎత్తుతుందనుకున్నాను. “రాత్రిపూట ఆగకూడదు, అంతే” అంది. రోజూ సాయంత్రం ఇంట్లోంచి బయల్దేరే ముందు టైర్లు నొక్కి చూసుకుంటుందట. ఎప్పట్నుంచి అని అడిగితే ‘శంషాబాద్ తర్వాత’ అంది.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు పక్కన ఒక యువ పశువైద్యురాలి స్కూటర్ టైరులో గాలి తీసేసి, సాయం చేస్తామని నమ్మించి ఏం చేశారో మనందరికీ తెలుసు. డిసెంబరు 6న నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది. వీటి మధ్యలో అంతగా గుర్తుండని సంగతి ఒకటుంది. ఆ రాత్రి కూతురు కనబడటం లేదని వెళ్లిన కుటుంబం ఫిర్యాదుని, మా పరిధి కాదంటూ వెంటనే నమోదు చేయలేదు. ఆ జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఆ ఘోరాన్నీ నా బండి గొడవనీ ఒకే తూకంలో వేయడం లేదు. ఆ రెండింటి మధ్య దూరం నాకు తెలుసు. కానీ కౌంటర్ ఇవతల నిలబడి చెప్పినదాన్ని అవతలివాళ్లు రాసుకోకపోవడం అనే అలవాటు ఎంత దూరం పోగలదో తెలిశాక, చిన్న చిన్న కౌంటర్ల దగ్గర కూడా ఊరుకోబుద్ధి కాలేదు.

అందుకని నాకు వచ్చిన పనే చేశాను. నోట్సు రాయడం. బండి ఆగిన ప్రతిసారీ తేదీ, రోడ్డు, ఏ గేరు, ఇంజన్ ఎంతసేపట్నుంచి నడుస్తోంది, అప్పుడేం జరిగింది అని ఒక చిన్న పుస్తకంలో పెట్టాను. నెలన్నరలో పదకొండుసార్లు ఆగింది. వరసగా చదివితే, ప్రతిసారీ గేరులో ఉన్నప్పుడే ఆగింది. పదకొండులో తొమ్మిదిసార్లు స్పీడ్ బ్రేకరో గుంతో దాటాక ఆగింది. న్యూట్రల్‌లో ఒక్కసారీ ఆగలేదు.

ఆ పుస్తకం కృష్ణానగర్లో నాకు తెలిసిన మెకానిక్‌కి చూపించాను. వారంటీ ఉన్నన్నాళ్లు బయటివాళ్లు వైర్లు విప్పకూడదని ఆయనే చేయి పెట్టలేదు. చదివి, “అక్కా, గేర్ల ఉన్నప్పుడే బందైతుందంటే స్టాండ్ స్విచ్ చూడమని చెప్పు” అన్నాడు. సైడ్ స్టాండ్ తీయకుండా గేరు వేస్తే ఇంజన్ ఆగిపోయేలా ఇప్పటి చాలా బండ్లకి ఒక చిన్న స్విచ్ పెడుతున్నారు. ప్రమాదం జరగకుండా పెట్టిన ఏర్పాటు. నా బండిలో దాని వైరు దేనికో ఒరుసుకుంటోంది. కుదుపు వచ్చినప్పుడల్లా స్టాండ్ దిగే ఉందని బండి అనుకుంటోంది, నన్ను కాపాడటానికి నడిరోడ్డు మీద ఆగిపోతోంది!

నాలుగోసారి సర్వీస్ సెంటర్‌కి వెళ్లి, నేను చెప్పింది నా మాటల్లోనే రాయండి, రాశాకే సంతకం పెడతాను అన్నాను. అడ్వైజర్ కుర్రాడు ఇబ్బందిపడ్డాడు. ‘గేరులో నడుస్తుండగా, కుదుపుల మీద ఇంజన్ ఆగిపోతోంది, ఇది నాలుగో ఫిర్యాదు, సైడ్ స్టాండ్ స్విచ్ పరీక్షించాలి’ అని చివరికి రాశాడు. సాయంత్రానికి స్విచ్, వైరు వారంటీ కింద మార్చారు. అరగంట పని. ఇప్పటివరకు మళ్లీ ఆగలేదు.

మర్నాడు ఆ కుర్రాడే ఫోన్ చేసి, కంపెనీ నుంచి కాల్ వస్తుంది, పదికి పది ఇవ్వండి మేడమ్ అని బతిమాలాడు. తక్కువ వస్తే ఇన్సెంటివ్ పోతుందట. అతని మీద కోపం రాలేదు. రోజుకి ఇన్ని బండ్లు బయటికి పంపాలనే లెక్క అతని మెడ మీద ఉంది. ‘జనరల్ చెకప్’ అని రాస్తే త్వరగా తెములుతుంది. ‘ఆగిపోతోంది’ అని రాస్తే వెతకాలి, వారంటీ ఖర్చు పైవాళ్లకి చూపించాలి. ఆడవాళ్లైతే ఎదురు చెప్పరన్న లెక్క ఆ తొందరకి కలిసొస్తోంది. ఒక బ్రాండు నమ్మకమైనదని మనం వినే మాటలో ఇలా రాయకుండా వదిలేసిన జబ్బులెన్నో, బతిమాలి తెచ్చుకున్న పదికి పదులెన్నో!

రాయించడం ఎందుకు ముఖ్యమో చట్టం వైపు నుంచి చూస్తే ఇంకా తెలుస్తుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం, ఏడేళ్లలోపు వాహనాల్లో లోపం ఉంటే ప్రభుత్వం ఆ మోడల్ని వెనక్కి పిలిపించి బాగుచేయించగలదు. అందుకు ముఖ్యమైన ఆధారం యజమానుల నుంచి వచ్చిన ఫిర్యాదుల సంఖ్య. 2023 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు వరకు ఓలా ఎలక్ట్రిక్ మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి 10,644 ఫిర్యాదులు అందాయి. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ షోకాజ్ నోటీసిచ్చింది. 99.1 శాతం పరిష్కరించామని కంపెనీ జవాబిచ్చింది. అన్ని వేలమంది రాయకపోయి ఉంటే అదంతా ఎవరి చిరాకు వారిదిగా మిగిలిపోయేది. ‘మీకు అలవాటు కావాలి’ అని వెనక్కి పంపిన ఆడవాళ్ల బండ్లు ఇలాంటి ఏ లెక్కలోకీ రావు.

2020 జూలై 20న అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం మనకి కొన్ని వీలులిచ్చింది. మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వస్తువుకి చెల్లించిన ధర ఐదు లక్షల దాకా అయితే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. కావాలని సమాచారం దాచడం కూడా సేవాలోపమే. 1915కి ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించొచ్చు. వీటన్నిటికీ పనికొచ్చే సాక్ష్యం ఆ జాబ్ కార్డు నకలే.

ఈ సంగతులన్నీ ఆ హెయిర్ డ్రెస్సర్‌కి చెప్పాను. మొన్న తన స్కూటర్ బ్రేకు పట్టడం లేదని వెళ్లినప్పుడు, తనకి ఇంగ్లీషు రాదు కాబట్టి తెలుగులో రాయమందట. కంప్యూటర్లో తెలుగు పడదన్నారు. “అయితే పెన్నుతో రాసి, కింద సంతకం పెట్టు బాబూ” అందట. రాశాడు. ఆ కాగితం ఫోటో నాకు పంపింది. ‘ముందు బ్రేకు పట్టడం లేదు, వాన పడితే అసలు పట్టదు.’ అక్షరాలు వంకరగా ఉన్నాయి, వాక్యం ఆమెది.