హార్మోనీ, క్లారినెట్టు

మా అబ్బాయి మృదంగం మానేసి స్కూల్లో క్లారినెట్టు పట్టుకున్నాడని నాకు కినుకగానే ఉండేది. ఆ కినుకతోనే వాడి కచేరీకి వెళ్ళాను. ఆ రోజు వాయించింది 'డాన్సోన్ నంబర్ 2'. మీలో కొందరు వినే ఉంటారు. రెండు కర్రముక్కల తాళం మీద క్లారినెట్టు మెల్లగా ఎత్తుకుంటుంది. ఆ ఎత్తుగడ మావాడిదే!

రాసినాయన ఆర్టురో మార్కెస్. 1950లో మెక్సికోలో, సోనోరా రాష్ట్రంలో పుట్టాడు. తాత జానపద వాద్యకారుడు, తండ్రి మరియాచి మేళంలో వాయించేవాడు. చిన్నప్పుడే కుటుంబం మన లాస్ ఏంజెలస్ పక్కనున్న లా పుయెంటేకి వలస వచ్చింది. తొమ్మిదిమంది పిల్లల్లో సంగీతం పట్టుకున్నది ఈయనొక్కడే. పెద్ద చదువులు చదివి కూడా, క్యూబా నుంచి వచ్చి వెరాక్రూజ్ డాన్సు హాళ్ళలో స్థిరపడ్డ బాణీనే తీసుకుని సింఫనీకి ఎక్కించాడు. 1994లో మెక్సికో సిటీలో తొలిసారి వాయించారు. ఇప్పుడు దాన్ని వాళ్ళ రెండో జాతీయగీతం అంటారు.

మా నాన్నగారు పౌరాణిక నాటకాలకి హార్మోనీ వాయించేవారు. కాలేజీ హాస్టల్లో ఎవరైనా అడిగితే మాత్రం 'వ్యవసాయం' అనేవాణ్ణి.

ఇంటికొచ్చాక ఆయన పాత కాసెట్టు వెతికి పెట్టాను. మావాడు రెండుసార్లు విని, క్లారినెట్టు తీసి తాతగారి శ్రుతి వెతుక్కోవడం మొదలుపెట్టాడు.