హెల్మెట్ మీద నీలి గీతలు

"సార్, సెలవుల్లో స్టార్ వార్స్ హెల్మెట్‌కి రంగులేస్తున్నారంట. మన సమస్యలేంటి, మీరు చేస్తున్న పనేంటి?" అని ఒక పరిశోధక విద్యార్థి అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు పొడుగైంది కాబట్టి ఈ వారం ఇక్కడే రాస్తున్నా.

1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ సినిమాలో సామ్రాజ్యపు సైనికులు పెట్టుకునే తెల్ల హెల్మెట్ అది. వాళ్లని స్టార్మ్‌ట్రూపర్లు అంటారు. నా దగ్గరున్నది త్రీడీ ప్రింటర్ మీద తీసిన ప్లాస్టిక్ డొల్ల. ప్రింటు గీతలు పోయేదాకా లప్పం పెట్టాలి, నీళ్లతో ఎమరీ కాగితం రుద్దాలి, ప్రైమర్ కొట్టాలి. తర్వాత తెల్లరంగు పల్చగా, ఒక పూత ఆరాక ఇంకో పూత. తొందరపడితే కారిపోతుంది.

అసలు పని తెలుపు తర్వాత మొదలవుతుంది. కళ్ల కింద, నుదుటి పక్కన బూడిదరంగు గళ్లు, వాటి చుట్టూ నల్ల అంచు, చెంపల కింది గొట్టాల మీద నీలి గీతలు. బూడిదకు హంబ్రోల్ 5, నీలికి హంబ్రోల్ 14 అని అభిమానులు డబ్బా నంబర్లతో సహా చెప్తారు. సినిమా కోసం ఆ గీతలు కుంచె పట్టి చేత్తో వేశారు. అందుకే ఒకటి లావు, ఒకటి సన్నం. ఒక హెల్మెట్‌లా ఇంకోటి ఉండదు. తెరమీద ఉన్నట్టే కావాలంటే స్కేలు పెట్టకూడదు. ఆ పనివాడి చెయ్యి ఎక్కడ వంకర పోయిందో మన చెయ్యీ అక్కడే వంకర పోవాలి. షూటింగ్‌లో వాడిన చాలా హెల్మెట్లు రంగు సరిగా పట్టని ప్లాస్టిక్‌వి. పెచ్చులూడేవి. ఆ పెచ్చులకి కూడా నకలు తీస్తారు!

నాకు మా నాయన గుర్తొచ్చాడు. ఆయన ఇళ్లకు సున్నం వేసేవాడు, రంగులేసేవాడు. గోడకీ కప్పుకీ మధ్య గీత టేపు లేకుండా ఒక్క ఊపులో లాగేవాడు. రంగు తడిగా ఉన్నంతసేపు ఆ ఇంటి నట్టింట్లో ఆయన నిలబడొచ్చు. ఆరిందంటే వాకిలి బయటే. ఆయన గీత ఎంత తిన్నగా ఉందో ఎవరూ వంగి చూడలేదు. ఎక్కడో ఇంగ్లండులో ఒక పనివాడి వంకర గీతని మాత్రం ప్రపంచమంతా భూతద్దం పెట్టి చూస్తోంది. చూడనీ, మంచిదే. ఏ చెయ్యినైనా అలాగే చూడాలి.

కానీ కథ అక్కడితో ఆగలేదు. ఈ హెల్మెట్‌కి రాల్ఫ్ మెక్వారీ బొమ్మలు గీశాడు. నిక్ పెంబర్టన్ మట్టితో తల చేశాడు. ఆండ్రూ ఏన్స్‌వర్త్ ప్లాస్టిక్ షీటు వేడిచేసి అచ్చుల మీద పోతపోశాడు. 2004 నుంచి ఏన్స్‌వర్త్ తన పాత అచ్చులతోనే నకళ్లు చేసి అమ్మాడు. లూకాస్ కంపెనీ కోర్టుకెళ్లింది. 2011 జులై 27న బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. విచారణలో ఒక ముఖ్యమైన ప్రశ్న: ఈ హెల్మెట్ శిల్పమా, కాదా?

ఎవరు ఏమన్నారో గమనించండి. "ఇది కళ, ఇది శిల్పం" అన్నది కంపెనీ. "కాదు, ఇది వాడుక వస్తువు" అన్నది చేత్తో చేసినవాడు. కళాకృతి సినిమాయేననీ, హెల్మెట్ ఆ సినిమా తియ్యడానికి పనికొచ్చిన వస్తువనీ కోర్టు తేల్చింది. బ్రిటన్‌లో అమ్ముకునే హక్కు అతనికి దక్కింది. అమెరికా కాపీరైట్ దావా విషయంలో మాత్రం మాట లూకాస్ వైపే నెగ్గింది. డిజైన్ కూడా నాదేనన్న ఏన్స్‌వర్త్ వాదనని అంతకుముందే, 2008లో, హైకోర్టు ఒప్పుకోలేదు. అయినా అసలు విషయం మారదు. కళ అన్న మాట నెగ్గి ఉంటే లాభం కంపెనీకి పోయేది.

సాహిత్యం చదువుకున్నవాణ్ణి. "మా పనిని కళగా గుర్తించండి" అని సభల్లో ఎన్నిసార్లు మాట్లాడానో లెక్కలేదు. ఆ డిమాండు ఇప్పటికీ సరైందే. అది సగం డిమాండని ఈ కేసు చదివాక అర్థమైంది. డప్పు కొట్టమని ఊరు పిలిచినప్పుడు అది వెట్టి. అదే డప్పుని ప్రభుత్వ వేదిక మీద కళ అంటున్నారు. పేరు మారింది. రేటు ఎవరు చెప్తున్నారు? పోస్టరు మీద ఎవరి పేరుంది? తోలు ఊనినవాడికి, డప్పు కట్టినవాడికి అందులో ఎంత ముట్టింది? శాలువా కప్పితే ఈ మూడు ప్రశ్నలూ దాని కింద దాక్కుంటాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చేతివృత్తుల మీద థీసిస్ రాసేటప్పుడు సౌందర్యం గురించి ఒక అధ్యాయం రాస్తే, యాజమాన్యం గురించి ఇంకోటి రాయండి. అచ్చు ఎవరింట్లో ఉంది, కాగితం ఎవరి పేరున ఉంది అని అడగండి.

ఇక నాకిదేం పని అన్న మాట. మా నాయన నలభై ఏళ్లు కుంచె పట్టాడు, ఒక్కరోజూ తన ముచ్చట కోసం పట్టలేదు. కూలి లేకుండా, యజమాని లేకుండా, ఎవరి గోడా కాకుండా కూర్చుని ఒక నీలి గీత గీసుకోవడం కూడా మనం సాధించుకోవాల్సిన వాటిలో ఒకటి. ఉద్యమం దాన్ని పక్కన పెట్టనక్కర్లేదు.

జై భీమ్.