ఎవరినీ నమ్మం అన్నవారి మాట

చెన్నై జార్జ్ టౌన్‌లో అర్మేనియన్ వీధి ఉంది. పత్రికా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం హైకోర్టు నుంచి తిరిగి వస్తూ, ఎండకు తాళలేక, ఆ వీధిలోని పాత చర్చి ఆవరణలోకి వెళ్ళాను. 1772లో కట్టిన చర్చి అది. నేల మీద వరుసగా సమాధి ఫలకాలు, వాటి మీద నాకు చదవరాని లిపి. అక్కడి కాపలాదారు ఒక రాతిని చూపించి, ఈయన కూడా మీలాగే పత్రిక నడిపినాయన అని చెప్పాడు. హరుత్యూన్ ష్మావోన్యాన్ అనే మతగురువు సమాధి అది. 1794లో ఆయన మద్రాసు నుంచి ‘అజ్దరార్’ అనే మాసపత్రికను ప్రారంభించాడు. ప్రపంచంలో అర్మేనియన్ భాషలో వెలువడిన మొట్టమొదటి పత్రిక అదే. పద్దెనిమిది సంచికలతో ఆగిపోయింది.

అప్పటికి అర్మేనియా అనే రాజ్యమే లేదు. ఆ నేల ఒట్టోమన్, పర్షియన్ సామ్రాజ్యాల మధ్య చీలి ఉంది. అయినా అదే శతాబ్దంలో షహామీర్ షహామిర్యాన్ అనే మద్రాసు వర్తకుడు, ఎప్పటికో ఏర్పడబోయే అర్మేనియా గణతంత్రానికి రాజ్యాంగం ఎలా ఉండాలో పుస్తకం వేయించాడు. దేశం చేతికి రాకముందే దాని పాలన గురించి వాదించుకున్న ఆ మనుషుల మీద నాకు ఆనాడు కలిగిన ఆసక్తి ఇప్పటికీ పోలేదు. బహుశా అందుకే అర్మేనియా గురించి అడిగినా అడగకపోయినా రాస్తూ వచ్చాను. ముఖ్యమైన సందర్భాలు రెండింటిలో పొరబడ్డాను కూడా. ఈ వ్యాసం ఆ పొరపాట్ల గురించే.

మొదటిది 2020 నవంబరులో. నాగోర్నో కరబాఖ్ కోసం అజర్‌బైజాన్‌తో 44 రోజులు జరిగిన యుద్ధంలో అర్మేనియా ఓడిపోయింది. వేలాది యువకులు మరణించారు. ఒప్పందం వార్త వెలువడిన రాత్రే జనం పార్లమెంటులోకి దూసుకెళ్ళి స్పీకర్‌ను చావబాదారు. ప్రధాని నికోల్ పషిన్యాన్ రెండేళ్ళ కిందట గ్యూమ్రీ నగరం నుంచి రాజధాని యెరెవాన్ దాకా పాదయాత్ర చేసి, ప్రజా ఉద్యమంతో అధికారంలోకి వచ్చినవాడు. ఇంత పరాజయం తరువాత ఈ మాజీ పత్రికా సంపాదకుడి రాజకీయ జీవితం ముగిసినట్టేనని నేను నిస్సంకోచంగా రాసేశాను. 2021 జూన్‌లో జరిగిన మధ్యంతర ఎన్నికలలో ఆయన పార్టీ దాదాపు 54 శాతం ఓట్లతో మళ్ళీ గెలిచింది. మాజీ అధ్యక్షుడు రాబర్ట్ కొచార్యాన్ కూటమి 21 శాతం దగ్గర ఆగింది.

నా లెక్క ఎక్కడ తప్పింది? వీధిలో కనిపించిన ఆగ్రహాన్ని నేను సమస్త ప్రజాభిప్రాయంగా తీసుకున్నాను. ఆ ఆగ్రహం నిజమే. అయితే ఓటరు ముందున్న ప్రశ్న, ఓడిన నాయకుడు కావాలా వద్దా అన్నది కాదు. అతణ్ణి కాదంటే తిరిగి వచ్చేది ఎవరు అన్నది. 2018లో తాము గద్దె దించిన పాత వర్గమే మళ్ళీ రావడం కంటే ఓడినవాణ్ణి భరించడమే నయమని వారు తేల్చుకున్నారు. అది ప్రేమతో వేసిన ఓటు కాదు. మన రాష్ట్రాలలో ఇలాంటి ఓట్లను ఎన్నోసార్లు చూసి కూడా, పరాయి దేశం అనేసరికి నాకా సంగతి తట్టలేదు.

రెండో పొరపాటు మరింత సూక్ష్మమైనది. అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ రిపబ్లికన్ ఇన్‌స్టిట్యూట్ అర్మేనియాలో ఏళ్ళ తరబడి సర్వేలు జరుపుతోంది. 2019లో ఆ సర్వేకు జవాబిచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది రష్యాతో సంబంధాలు బాగున్నాయన్నారు. 2023 చివరికి అలా అన్నవారు మూడోవంతుకు మించలేదు. అమెరికా సంస్థ గనుక నమ్మలేమనడానికి వీలులేదు. ఆ తొమ్మిదిమందిని లెక్కపెట్టిందీ అదే సంస్థ. ఈ అంకెలు చూసి, అర్మేనియా పశ్చిమానికి తిరిగిందని శీర్షిక పెట్టి నేనొక వ్యాసం రాశాను.

నాలుగేళ్ళలో ఒక జాతి మనసు మారడానికి కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. 2022 సెప్టెంబరులో అజర్‌బైజాన్ సేనలు కరబాఖ్ మీద కాదు, నేరుగా అర్మేనియా భూభాగం మీదనే దాడి చేశాయి. రష్యా నాయకత్వంలోని సామూహిక భద్రతా ఒప్పంద సంస్థను అర్మేనియా సాయం అడిగింది. సేనలు రాలేదు. అదే ఏడాది డిసెంబరులో కరబాఖ్‌కు ఉన్న ఏకైక దారి, లాచిన్ మార్గం, మూతపడింది. ఆ దారిని కాపాడవలసిన రష్యా శాంతిసేన అక్కడే ఉంది. 2023 సెప్టెంబరు 19న చివరి దాడి మొదలైంది. కొద్ది రోజులలో లక్షమందికి పైగా అర్మేనియన్లు తరతరాల ఇళ్ళు విడిచి కొండదారుల వెంట తరలివచ్చారు. మరుసటి ఏడాది అర్మేనియా ఆ భద్రతా సంస్థలో తన భాగస్వామ్యాన్ని స్తంభింపజేసింది. 2025 మార్చిలో యూరోపియన్ యూనియన్‌లో చేరే ప్రక్రియకు పార్లమెంటు చట్టం చేసింది.

ఇదంతా నిజమే. కానీ అవే సర్వేలలో, తమకు మిత్రులెవరన్న ప్రశ్నకు వచ్చిన జవాబులను నేను సరిగా చూడలేదు. ఫ్రాన్స్ పేరు, ఇరాన్ పేరు దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. పశ్చిమానికి తిరిగినవాడు ఇరాన్ పేరు చెప్పడు గదా! అర్మేనియాకు సరిహద్దు దేశాలు నాలుగు. తుర్కియే, అజర్‌బైజాన్ సరిహద్దులు 1990ల తొలినాళ్ళ నుంచి మూతపడే ఉన్నాయి. తెరిచి ఉన్నవి జార్జియా, ఇరాన్ దారులే. గ్యూమ్రీలో రష్యా సైనిక స్థావరం ఇప్పటికీ ఉంది. ఇళ్ళను వెచ్చబెట్టే గ్యాసులో అధికభాగం రష్యా నుంచే వస్తుంది. మాస్కో మీద నమ్మకం పోయిన ఇంట్లోనే, మాస్కోలో పనిచేసే కొడుకు పంపిన డబ్బుతో నెల గడుస్తుంది. ఇటువంటి ఇంట్లో ప్రజాభిప్రాయం ఒక దిక్కు నుంచి మరో దిక్కుకు గాలిమరలా తిరగదు. ఎవరి మీదా పూర్తిగా భారం వేయకూడదన్న జాగ్రత్తగా మారుతుంది.

ఆ సర్వేలలోనే మరో ప్రశ్న ఉంటుంది. రాజకీయ నాయకులలో మీరు ఎవరిని నమ్ముతారు? ఇటీవలి సంవత్సరాలలో సగానికి మించిన జనం చెప్పిన జవాబు: ఎవరినీ కాదు. ప్రధాని పేరు చెప్పినవారు ఆరుగురిలో ఒకరు కూడా లేరు. ప్రతిపక్ష నాయకులది అంతకన్నా హీనస్థితి. 2023 సెప్టెంబరు 17న, అంటే కరబాఖ్ మీద చివరి దాడికి రెండు రోజుల ముందు, యెరెవాన్ నగర ఎన్నికలు జరిగాయి. దేశ జనాభాలో మూడోవంతు నివసించే ఆ నగరంలో ఓటర్లలో మూడోవంతు కూడా పోలింగ్ కేంద్రాలకు రాలేదు. ఓటర్ల జాబితాలలో విదేశాలలో ఉంటున్నవారి పేర్లు చాలా ఉంటాయన్నది వాస్తవమే. ఆ మినహాయింపు ఇచ్చినా, ఇంట్లో కూర్చుండిపోయినవారి సంఖ్య చిన్నది కాదు.

ఇక మన సంగతి. 2025 మేలో భారత్, పాకిస్తాన్ ఘర్షణ సమయంలో అజర్‌బైజాన్ పాకిస్తాన్‌ను సమర్థించింది. వెంటనే మనవారికి అర్మేనియా ఆత్మబంధువైపోయింది. అప్పటికే ఆ దేశం మన పినాక రాకెట్లు, హైదరాబాదులోని భారత్ డైనమిక్స్ తయారుచేసే ఆకాశ్ క్షిపణులు కొనుగోలు చేసి ఉంది. ఒక పాఠక మిత్రుడు నాకు ఉత్తరం రాశాడు, ‘అర్మేనియా మనవైపే నిలుస్తుంది, చూడండి’ అని. ఆగస్టు 8న వాషింగ్టన్‌లో అర్మేనియా, అజర్‌బైజాన్ శాంతి ఒప్పందం ముసాయిదా మీద పొడి సంతకాలు చేశాయి. ఆ నెలాఖరునే, అంతవరకూ తనను గుర్తించని పాకిస్తాన్‌తో అర్మేనియా దౌత్య సంబంధాలు నెలకొల్పుకుంది. అదే మిత్రుడు మళ్ళీ రాశాడు. ఈసారి ఒకటే మాట: ద్రోహం.

ఆయనకు నేను రాసిన జవాబు ఇది. ముప్పై లక్షల జనాభా ఉన్న దేశం అది. మన క్షిపణులు కొన్నది మన పగను పంచుకోవడానికి కాదు, తన పొలిమేరను కాచుకోవడానికి. ఆపదలో ఆదుకుంటాడని మూడు దశాబ్దాలు నమ్మిన పెద్దదిక్కు చేతులు ముడుచుకుని నిలబడితే ఏమవుతుందో కళ్ళారా చూసిన ప్రజలు, ఇకమీదట ఏ ఒక్కరి శత్రువునూ తమ శత్రువుగా చేసుకోరు. దానికి ద్రోహమని పేరు పెట్టడానికి ముందు, అలీన విధానమని మనం ఒకప్పుడు గర్వంగా చెప్పుకున్నదేమిటో గుర్తుచేసుకోవాలి.

ఆయన సమాధానపడ్డారో లేదో తెలియదు. నాకు మాత్రం ఆ జవాబు రాస్తున్నప్పుడే నా రెండు పాత వ్యాసాలలోని లోపం తెలిసివచ్చింది. ఆయన అర్మేనియాను మనవైపు లెక్కగట్టారు. నేను పశ్చిమం వైపు లెక్కగట్టాను. వారు ఎటువైపు అని ఇద్దరమూ అడిగాం గానీ, వారికి ఏం కావాలి అని అడగలేదు.

2026 జూన్‌లో ఆ దేశం పార్లమెంటు ఎన్నికలకు వెళుతోంది. పోగొట్టుకున్న భూముల స్మృతిని పక్కనపెట్టి, ఇప్పుడున్న సరిహద్దుల లోపలి ‘నిజమైన అర్మేనియా’ను కట్టుకుందామని పషిన్యాన్ అంటున్నాడు. యెరెవాన్ కిటికీలోంచి ప్రతి ఉదయం కనిపించే అరరాత్ పర్వతం తుర్కియేలో ఉంది. ఆ పర్వతమే ఇప్పటికీ అర్మేనియా రాజచిహ్నంలో ఉంది. దాన్ని చూస్తూ పెరిగినవారిని ఈ మాటకు ఒప్పించడం తేలిక కాదు. లాచిన్ దారిలో నడిచి వచ్చినవారిని ఒప్పించడం మరీ కష్టం.

మాస్కో గెలిచిందా, బ్రసెల్స్ గెలిచిందా అన్న శీర్షికలు ఆ రాత్రే సిద్ధమవుతాయి. నేను మాత్రం ఈసారి ముందుగా పోలింగ్ శాతం చూస్తాను. ఎవరినీ నమ్మం అన్నవారిలో ఎందరు ఇంట్లోంచి బయటకు వచ్చారో తెలిసేదాకా మరో వ్యాసం రాయను.