పెన్న యొడ్డున ఇల్లు లేనివారు

గడచిన వేసవి సెలవులలో, కళాశాలలో చదువుచున్న మా అక్క కుమార్తెను వెంటబెట్టుకొని మేము ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చూచి వచ్చితిమి. ఆ ప్రయాణమున మా పిల్ల తెలిసికొన్న విషయ మొకటి సోదరీమణులకు చెప్పవలెనని తోచినది.

ప్రొద్దుటూరు బంగారు వర్తకమునకు పేరుపొందిన పట్టణము. నగల అంగళ్లు చూచి బస్సుస్టాండు చేరుసరికి రాత్రి పదిగంట లయ్యెను. అచ్చట అరుగుమీద ఒక అవ్వ మూట తలక్రింద పెట్టుకొని పరుండి యుండెను.

“చిన్నమ్మా, ఇటు రా. ఇల్లూ వాకిలీ లేనివాళ్లను నమ్మరాదు. పనికి బద్ధకించే ఇట్లా తిరుగుతారు” అని పిల్ల మా చేయి లాగెను. మేము మారుపలుకలేదు. ఆ మాట మా యింట నేర్చినదే. అన్నము తినని బిడ్డలను “ఊర్లు తిరిగేవాళ్లు ఎత్తుకొని పోతారు” అని బెదరించినది మనము కామా?

ఈ యనుమానము ఒకనాడు చట్టమై యుండెను. ఆంగ్లప్రభుత్వము 1871లో చేసిన నేరజాతుల చట్టము, 1911లో మదరాసు రాజధానికి వ్యాపించి, ఉప్పును ధాన్యమును మోసి యూరూర నమ్ముకొను ఎరుకలవారిలో పలువురిని పుట్టుకతోనే దొంగలుగ నెంచెను. అది 1952లో రద్దయినది. అనుమానము మాత్రము మిగిలినది.

మరునాడు జమ్మలమడుగు మీదుగా గండికోటకు పోయితిమి. ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్న పారు ఆ లోయను వర్ణించుట మా తరము కాదు. కోటకు ఎగువ దాదాపు 27 టీఎంసీల నీరు పట్టు జలాశయ మున్నది. 2020లో అందు నీటిమట్టము పెంచినపుడు తాళ్లప్రొద్దుటూరు మొదలగు కొండాపురము మండలపు గ్రామములు మునిగినవి. పొయ్యిలు, తులసికోటలు నీటిపాలైనవి.

పులివెందుల ప్రాంతమున చీనీతోటలు, అరటితోటలు కన్నులపండువుగా నుండెను. గండికోట నీటిని యంత్రములతో నెత్తి పైడిపాళెము, చిత్రావతి జలాశయములకు పంపుదురు. ఆ నీరే ఈ ప్రాంతమున కందును. కరవుసీమకు నీరు రావలసినదే. అయినను పిల్ల చీనీపండు నొలుచుచు, “ఈ నీళ్లకు ఇండ్లు ఇచ్చినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో!” అనెను.

తిరుగుప్రయాణమున ప్రొద్దుటూరులో అవ్వ ఆ యరుగుమీదనే కనబడెను. పిల్ల తానే పోయి నాలుగు చీనీపండ్లు చేతబెట్టి, “అవ్వా, మీదీ మునిగిన ఊరేనా?” అని యడిగెను.

“మునగలేదు తల్లీ, బాగానే ఉండాది. మా ఆయన పోయినాక కొడుకు ఇల్లు అమ్ముకున్యాడు. కాగితంలో నా పేరు యాడుండాది? పొద్దన్నుంచీ హోటల్లో అంట్లు తోముతా. రాత్రికి ఈడ పండుకుంటా.”

పిల్ల తల వంచుకొనెను. బద్ధకమని తాను మొదట తలంచినదియు, మునక యని పిదప తలంచినదియు తప్పే. 2011 జనాభా లెక్కలలో మన దేశమున ఇల్లు లేనివారు 17.7 లక్షలని తేలినది. అడిగిననే గాని వారిలో ఎవరి కథ ఎట్టిదో తెలియదు.

బస్సులో పిల్ల చాలసేపు మౌనముగా నుండి, “చిన్నమ్మా, మన ఇల్లు ఎవరి పేరుమీద ఉంది?” అని యడిగెను. మాకు వెంటనే జవాబు తోచలేదు. సోదరీమణులారా, మీరును ఒకసారి మీ యింటి కాగితములు తీసి చూడుడు. బిడ్డలకు చెప్పు ఆ బెదరింపుమాటను ఇకనైన మానుడు.