సూట్‌కేసులో చలికాలం

మనవైపు స్వెట్టర్‌కి ఉద్యోగం గట్టిగా మూడు నెలలే. కార్తీకంలో బయటికొస్తుంది. భోగిమంట దగ్గర దర్జాగా నిలబడుతుంది. శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ వెళ్లిపోతే, తనూ అటకెక్కుతుంది. మిగతా తొమ్మిది నెలలూ దాన్ని కాపాడాల్సింది మనమే. పట్టుచీరలదీ ఇదే వరస. కాకపోతే వాటి కాలం నడిచేది ముహూర్తాలను బట్టి. మాఘంలో, శ్రావణంలో క్షణం తీరిక ఉండదు. మూఢమో ఆషాఢమో వచ్చిందంటే బీరువాలో విశ్రాంతి.

ఈ రెండూ మన అమ్మమ్మలకు తెలిసినవే. గత పాతికేళ్లలో మన ఇళ్లలోకి మూడో రకం వచ్చి చేరింది. అవే అమెరికా బట్టలు! పురుళ్లకో, మనవల్ని చూసుకోవడానికో వెళ్లే అమ్మానాన్నల కోసం కొన్న లావుపాటి కోట్లు, ఉన్ని టోపీలు, చేతి తొడుగులు, లోపల వేసుకునే థర్మల్స్. తిరిగొచ్చాక వాటికి ఇక్కడ పనేముంది? మా అమ్మానాన్నలు ఉండేది ఖమ్మంలో. మే నెలలో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్లే ఊరు. అక్క ఉండే మిన్నియాపొలిస్‌లో జనవరి రాత్రుళ్లు మైనస్ 20 మామూలే. ఆ చలి కోసం కొన్న బట్టలన్నీ మా ఇంట్లో ఓ పెద్ద సూట్‌కేసులో, మంచం కింద ఉంటాయి.

దాచడంలో అమ్మ పద్ధతులు అమ్మవి. వాటిలో చాలావాటి వెనక గట్టి కారణాలే ఉన్నాయని ఈ వ్యాసం కోసం నాలుగు విషయాలు చదివాకే తెలిసింది. ఉదాహరణకి, ఒక్కసారి వేసుకున్న శాలువానైనా ఉతక్కుండా లోపల పెట్టనివ్వదు. ఉన్నిని తినేది బీరువా తెరవగానే ఎగిరే ఆ చిన్న గోధుమరంగు పురుగు కాదట, దాని పిల్ల పురుగు. ఉన్నిలో ఉండేది మన జుట్టులో, గోళ్లలో ఉండే కెరటిన్ అనే ప్రొటీనే. దానికి చెమట, కూర మరకలు తోడైతే ఇక విందు భోజనమే. నూలు చీరల శత్రువు వేరు. వెండిరంగులో సర్రున జారిపోయే పురుగు గంజి కోసం వస్తుంది. అందుకే నెలల తరబడి దాచే నూలు బట్టకు గంజి పెట్టకూడదు.

పట్టుచీరకు ప్లాస్టిక్ కవరు పనికిరాదు. లోపల చెమ్మ నిలిచిపోతుంది. పాత పంచె ముక్కలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చాలి. లేదంటే మడత దగ్గరే జరీ విరుగుతుంది, పట్టు చీలుతుంది. స్వెట్టర్‌ని హ్యాంగర్‌కి వేలాడదీస్తే భుజాలు సాగిపోతాయి, మడిచి పెట్టాల్సిందే. అమ్మ వేపాకు కూడా వేస్తుంది. నీడలో గలగలలాడేలా ఎండబెట్టి, గుడ్డలో మూటగట్టి మరీ. పచ్చిది వేస్తే మరకలు ఖాయం. అమెరికా బట్టల్లో చాలావాటికి ఈ కాపలా అక్కర్లేదు. మెత్తగా ఉన్నిలా ఉండే ఆ ఫ్లీస్ జాకెట్లు చాలామటుకు పాలిస్టర్‌వే, పురుగు వాటి వంక కూడా చూడదు. ఆ మాట చెబితే అమ్మ నా వంక చూడలేదు.

ఒక్క విషయంలో మాత్రం పాత అలవాటుని వదిలేయాల్సిందే. కలరా ఉండలు. మనలో కొందరు డాంబర్ గోళీలంటారు. అది నాఫ్తలీన్. గాల్లోకి ఆవిరై బట్టలకు పడుతుంది. కొందరు పిల్లలకు, ఎక్కువగా మగపిల్లలకు, పుట్టుకతోనే జి6పిడి అనే ఎంజైమ్ లోపం ఉంటుంది. అలాంటి పసివాళ్లకు ఈ ఉండలతో దాచిన బట్టలు వేసినా, దుప్పటి కప్పినా ఎర్ర రక్తకణాలు చితికిపోయి, కామెర్లు తీవ్రమయ్యే ప్రమాదం ఉంది. పుట్టబోయే బిడ్డ కోసమని ట్రంకుపెట్టెలోంచి పాత చొక్కాలూ, బొంతలూ తీసే ఇళ్లు మనకెన్ని! పసిబట్టలున్న పెట్టెలో వాటిని వేయకపోవడమే మంచిది. పైగా చూడ్డానికి పిప్పరమెంట్ల లాగే ఉంటాయాయె.

మళ్లీ సూట్‌కేసు దగ్గరికొస్తే... అందులో నాన్నది నీలంరంగు కోటు ఒకటుంది. లోపల బాతు ఈకలు కూరినది. గాలి తీసేసి అట్టలా చేసే వాక్యూమ్ బ్యాగులు అక్క రెండు డజన్లు పంపింది. మిగతావన్నీ వాటిలోకి వెళ్లాయి. ఈకల కోటుని అలా నెలల తరబడి నొక్కి ఉంచితే మళ్లీ పొంగదు, పొంగకపోతే వెచ్చదనం ఉండదు. అందుకని అమ్మ దాన్ని మాత్రం అన్నిటికన్నా పైన, వదులుగా పెడుతుంది. సగం సూట్‌కేసు దానికే. దసరా వెళ్లగానే తీసి, నీడపట్టున గాలికి ఆరేసి, మళ్లీ పెడుతుంది.

నాన్నకి మూడేళ్లుగా డయాలసిస్. వారానికి మూడుసార్లు. అమెరికా ప్రయాణం మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మా వీధిలో ఎవరు తొలిసారి అమెరికా వెళ్తున్నా చలికోట్లు వెళ్లొచ్చినవాళ్ల దగ్గర అడిగి తీసుకోవడం ఆనవాయితీ. పదివేలు పెట్టి కొనే బదులు అదే నయం కదా! కిందటేడు ఎదురింటివాళ్లు కూతురి పురుటికి బయల్దేరారు. ఆవిడ మొహమాటపడుతూనే, “వదినా, మీ కోట్లు ఓసారి ఇస్తారా, ఏప్రిల్‌లో తెచ్చిచ్చేస్తాం” అంది. వాలుకుర్చీలో ఉన్న నాన్న అమ్మ కంటే ముందే అందుకున్నాడు. “రెండూ ఇచ్చెయ్యవే. ఇంక నేనెక్కడికెళ్తాను?”

అమ్మ లోపలికెళ్లి సూట్‌కేసు లాగింది. తన కోటు తెచ్చింది, టోపీలూ చేతి తొడుగులూ తెచ్చింది. “అన్నయ్యగారికి మఫ్లర్ కూడా పెట్టాను వదినా. ఆయన కోటుకి మాత్రం జిప్పు పోయింది. బాగుచేయించాలి” అంది. నాన్న ఏదో అనబోయి, పేపర్ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఈ దసరా తర్వాత ఆ కోటుని దండెం మీద వేసింది నేనే. జిప్పు కిందికీ పైకీ లాగి చూశాను. శుభ్రంగా పనిచేస్తోంది.