పేరిణికి ఒక గడి

ఫైటింగ్ గేమ్ కొన్నరోజున తెరమీద కనిపించే ఫైటర్లతోనే ఆట ముగిసే కాలం పోయింది. గేమ్ విడుదలైన తర్వాత ఏడాదికి నలుగురి చొప్పున కొత్తవాళ్లు దిగుతుంటారు. డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకోవాలి. డీఎల్‌సీ అంటే ఇదే. అమెరికాలో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో పెరుగుతున్న మన పిల్లలకు ఆట ఎంత ముఖ్యమో, ఈసారి దిగబోయేది ఎవరన్న చర్చా అంతే ముఖ్యం. పెద్దవాళ్లకు అది కాలక్షేపంగా కనిపించవచ్చు. నాకు మాత్రం అందులో పట్టించుకోవలసిన విషయం ఒకటి కనిపిస్తోంది. ఫైటర్లను ఎంచుకునే తెరమీద ప్రపంచమంతా చిన్నచిన్న గడులుగా పరిచి ఉంటుంది. జపాన్, బ్రెజిల్, కొరియా, మెక్సికో, థాయ్‌లాండ్, పోలండ్ వాళ్లంతా అక్కడ ఉంటారు. మన గడి ఏది అని అడగడం తప్పేమీ కాదు. అందులోకి ఎవరు వస్తారో ఆధారాలతో అంచనా వేయడమూ సాధ్యమే. నా అంచనా ఇదీ: కొత్త భారతీయ ఫైటర్ వస్తే, దేవుడి రూపంలోనో సినిమా హీరో ముఖంతోనో కాదు, ఒక నేలకు చెందిన పోరాటకళ ఒంటబట్టిన మామూలు మనిషిగానే వస్తారు. ఆ కళల్లో ఓరుగల్లు వీరనృత్యం పేరిణికీ చోటు ఉంది.

కోరికను అంచనా అనుకోవడం దగ్గరే ఈ చర్చలు చాలావరకు దారి తప్పుతాయి. నాకు ఇష్టమైనవాడు కాబట్టి వస్తాడు అనడం కోరిక. కంపెనీ ఇంతవరకు ఎవరిని, ఏ లెక్కన తెచ్చిందో చూసి చెప్పడం అంచనా. 2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6నే తీసుకుందాం. మొదటి మూడేళ్లకు దాని కంపెనీ క్యాప్‌కామ్ ప్రకటించిన డీఎల్‌సీ ఫైటర్లు పన్నెండు మంది. రషీద్, ఎడ్, అకుమా, బైసన్, ఎలీనా, సాగత్, సి. వైపర్, అలెక్స్, ఇంగ్రిడ్ పాత గేముల నుంచి తిరిగొచ్చినవాళ్లు. టెర్రీ, మాయ్ వేరే కంపెనీ గేముల నుంచి వచ్చిన అతిథులు. పూర్తిగా కొత్త ముఖం ఏ.కే.ఐ. ఒక్కతే. 2024 జనవరిలో వచ్చిన టెక్కెన్ 8 మొదటి రెండు సీజన్లలో ఎనిమిది మంది దిగారు. ఎడ్డీ, లిడియా, హేహాచీ, అన్నా, ఫహ్‌ఖుమ్రమ్, ఆర్మర్ కింగ్ పాతకాపులు, క్లైవ్ అతిథి, మియారీ జో కొత్త. అంటే ఇరవై మందిలో కొత్తవాళ్లు ఇద్దరే. ఈ లెక్కను దాచిపెట్టి ఆశలు పెంచడం నాకు ఇష్టం లేదు. పాతకాపుల తలుపు పెద్దది, అతిథి తలుపు దానికంటే చిన్నది, కొత్తవాళ్ల తలుపు మరీ ఇరుకు. దానికి కారణమూ ఉంది. ఒక ఫైటర్‌ను తయారు చేయడం చిన్న ఖర్చు కాదు. స్కల్‌గర్ల్స్ గేము తయారీదారులు 2013లో ఒక్క ఫైటర్ కోసం లక్షా యాభై వేల డాలర్లు చందా అడిగితే చాలామంది నోరెళ్లబెట్టారు. నిజానికి ఆ రంగంలో అది తక్కువ మొత్తమే. గీసేవాళ్లు, కదిలించేవాళ్లు, గొంతు ఇచ్చేవాళ్లు, బ్యాలెన్స్ సరిచూసేవాళ్లు నెలల తరబడి పని చేయాలి. అంత పెట్టుబడి పెట్టేవాడు జనం ముందే ఎరిగిన ముఖాన్ని కోరుకోవడం సహజం.

అయితే ఆ ఇరుకు తలుపులోంచి వచ్చినవాళ్లు ఎలాంటివాళ్లో చూస్తే దారి కొంత స్పష్టమవుతుంది. టెక్కెన్ కొత్తవాళ్లను తెచ్చినప్పుడు తరచుగా తెరమీద లేని దేశాన్నీ, దానితోపాటు ఒక పోరాట పద్ధతినీ వెంట తెస్తోంది. టెక్కెన్ 7లో సౌదీ నుంచి షాహీన్, ఫిలిప్పీన్స్ నుంచి జోసీ రిజాల్ వచ్చారు. ఆ గేముకే తర్వాత డీఎల్‌సీగా థాయ్ బాక్సర్ ఫహ్‌ఖుమ్రమ్, పోలండ్ ప్రధానమంత్రిగా ఉంటూ కరాటే చేసే లిడియా దిగారు. టెక్కెన్ 8తో పాటే పెరూ అమ్మాయి అజుసెనా వచ్చింది. మియారీ జోది మడగాస్కర్. ఆమె పోరాడే పద్ధతి ఆ ద్వీపంలో ఒట్టి చేతులతో తలపడే మొరైంగీ. ‘ఇండియాలో కన్సోళ్లు కొనేవాళ్లు ఎంతమంది? అందరూ ఫోన్లలోనే కదా ఆడేది?’ అనే అభ్యంతరానికి జవాబు ఇక్కడే దొరుకుతోంది. మడగాస్కర్‌లో కన్సోళ్లు అమ్ముడుపోతాయన్న ఆశతో మియారీ జోను తయారు చేయలేదు కదా. ఎక్కడా చూడని కదలిక ఒకటి దొరికిందనే తయారు చేశారు. మార్కెట్ లెక్క అసలే ఉండదని నేను అనను. ఎస్‌ఎన్‌కే కంపెనీ గేములో నజ్ద్ అనే సౌదీ యువతి డీఎల్‌సీగా దిగడం వెనక సౌదీ సంస్థ జరిపిన డిజైన్ పోటీ ఉంది. ఆ కంపెనీ తర్వాత సౌదీ యాజమాన్యంలోకే వెళ్లింది. ఆ మాటకొస్తే మన వైపూ కదలిక లేకపోలేదు. ఫైటింగ్ గేములకు తిరునాళ్ల వంటి ఈవో పోటీలో సోనీకి ఉన్న వాటాను 2025లో కొన్నది భారతీయ కంపెనీ నోడ్విన్ గేమింగే. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 పతకపోటీగా జరిగినప్పుడు మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ మన జెండా కింద ఆడారు. లాహోర్ కుర్రాడు అర్స్‌లాన్ ఆష్ 2019లో ఈవో జపాన్‌నూ లాస్‌వేగస్ ఈవోనూ గెలిచాక దక్షిణాసియాలో ఈ ఆట లేదనే మాటకు విలువే లేకుండా పోయింది.

ఇంతవరకు మనకు దక్కినవాళ్ల సంగతి చూద్దాం. 1991లో స్ట్రీట్ ఫైటర్ 2తో ధాల్‌సిమ్ వచ్చాడు. గుండు, నుదుట మూడు గీతలు, మెడలో చిన్న పుర్రెల దండ, నోట్లోంచి మంట, రబ్బరులా సాగే చేతులు. వెనక వరుసగా నిలబడ్డ ఏనుగులు. అవి తొండాలెత్తి ఘీంకరిస్తాయి. కథలోకి వెళ్తే అతను పేద పల్లెకు డబ్బు సంపాదించడానికి బరిలోకి దిగిన దయాళువు. పుర్రెలు ఆ ఊళ్లో రోగంతో చనిపోయిన పిల్లలవి. ఆ కథ చదివినవాళ్లు తక్కువ, పుర్రెలు చూసినవాళ్లు కోట్లమంది. స్ట్రీట్ ఫైటర్ ఈఎక్స్‌లో దారూన్ మిస్టర్ అనే పహిల్వాన్ ఉన్నాడు. ఆర్కేడ్‌ల కాలం నాటి వాళ్లను వదిలేస్తే అతన్ని గుర్తుపట్టేవాళ్లు అరుదు. ఇక కమలా ఖాన్. జెర్సీ సిటీలో పెరిగిన పాకిస్తానీ అమెరికన్ పిల్ల, మార్వెల్ కామిక్స్‌లో మిస్ మార్వెల్. మార్వెల్ టోకోన్ అనే కొత్త ఫైటింగ్ గేముకు మొదట ప్రకటించిన వాళ్లలో ఆమె ఉంది. వలస కుటుంబాల పిల్లలకు ధాల్‌సిమ్ కంటే ఆమె ఎంతో దగ్గర. కానీ ఒక్కసారి గమనించండి, ఆమె శక్తి కూడా ఒళ్లు సాగడమే. రెండు దశాబ్దాల ఎడంలో, రెండు దేశాల్లో, ఒకరికొకరు సంబంధం లేని కళాకారులు దక్షిణాసియా మనిషిని ఊహించినప్పుడు చేతులు సాగదీశారు. ఇందులో దురుద్దేశం ఉందని నేను అనుకోను. వాళ్ల కళ్లముందు వేరే కదలిక లేదు, అంతే.

దేవుళ్లను దించమనే పిల్లలు చాలామంది ఉన్నారు. హనుమంతుడి కంటే బలవంతుడెవరన్నది వాళ్ల వాదన. 2009లో హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2కు ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేసింది. భారతదేశంలో తయారైన తొలి ప్లేస్టేషన్ గేముల్లో అదొకటి. దేవుణ్ణి మీట నొక్కి ఆడిస్తారా అని అమెరికాలోని హిందూ నాయకుడు రాజన్ జెడ్ అప్పుడే అభ్యంతరం చెప్పారు. 2012లో స్మైట్ గేములో కాళిని పెట్టినప్పుడూ అదే గొడవ. ఆ అభ్యంతరాలన్నీ సరైనవని నేను అనను. యక్షగానంలోనూ సినిమాలోనూ దేవుళ్ల వేషం కట్టిన జాతి మనది. కానీ ఫైటింగ్ గేముకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇందులో ప్రతి ఫైటరూ సగం ఆటల్లో ఓడిపోవాలి. ముఖం మీద తన్నులు తినాలి, నేలమీద పడి ఉండాలి, పైన ‘కేవో’ అని అక్షరాలు వెలగాలి. మేడారంలో కోటిమంది మొక్కే సమ్మక్కను ఆ స్థితిలో చూడడానికి ఎవరికి మనసొప్పుతుంది? రుద్రమదేవి మనిషే, చరిత్రలో ఉన్న రాణే. ఆమె విషయంలోనూ చాలామందికి అదే నొప్పి కలుగుతుంది. ఏ కంపెనీ అయినా ఆ గొడవను ముందే ఊహించి తప్పుకుంటుంది.

సినిమా వాదన ఇంతకంటే గట్టిది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. ఫైటింగ్ గేములు చేసేది ఎక్కువగా జపాన్. ఆ జపాన్‌లో ఆర్‌ఆర్‌ఆర్ 2022 అక్టోబరులో విడుదలై అక్కడ భారతీయ సినిమాల వసూళ్లలో మొదటి స్థానానికి చేరింది. 2024 జనవరిలో తకరాజుకా రంగస్థల సంస్థ దాన్ని సంగీత నాటకంగానూ ఆడింది. మోర్టల్ కొంబాట్ 11లోకి రాంబో, టెర్మినేటర్ వచ్చినప్పుడు కొమురం భీముడు, అల్లూరి పాత్రలు ఎందుకు రాకూడదు? రావచ్చు. అతిథి తలుపు దగ్గర తెలుగువాళ్లకు అంతకంటే మంచి టికెట్ లేదు. కానీ అతిథి అతిథే. అది హక్కుల ఒప్పందం, దానికి గడువు ఉంటుంది. 2013 చివర్లో మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ గేములు హక్కుల గడువు తీరి ఆన్‌లైన్ దుకాణాల్లోంచి కొన్నేళ్లపాటు మాయమయ్యాయి. టెక్కెన్ 7కు అతిథులుగా వచ్చిన గీస్, నాక్టిస్, నీగన్ టెక్కెన్ 8లో లేరు. అదే గేముకు డీఎల్‌సీగా వచ్చిన ఫహ్‌ఖుమ్రమ్, లిడియా మాత్రం మళ్లీ వచ్చారు. సినిమా నుంచి తెచ్చిన ముఖం రెండేళ్లు వెలిగి వెళ్లిపోతుంది. సొంత ముఖంతో పుట్టినవాడు ఆ ఇంటివాడవుతాడు. నా పట్టింపంతా అందుకే.

ఇక పేరిణి. కాకతి గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయపసేనాని 13వ శతాబ్దంలో రాసిన నృత్తరత్నావళిలో దాని వివరాలున్నాయి. 1213 నాటి రామప్ప గుడి గోడలమీద, స్తంభాలమీద ఆ భంగిమలు రాతిలో ఉన్నాయి. ఈ రెంటినీ ఆధారం చేసుకొని నటరాజ రామకృష్ణ 20వ శతాబ్దంలో దాన్ని మళ్లీ నిలబెట్టారు. యుద్ధానికి కదిలేముందు వీరులు శివుడి ముందు ఆడేవారన్నది సంప్రదాయంలో ఉన్న మాట. అభ్యంతరం వెంటనే వస్తుంది: అది నృత్యం కదా, కొట్లాట కాదు కదా? పైగా ఇప్పుడు మనం చూసేది తిరిగి కట్టుకున్న రూపం. రెండూ నిజమే. అయినా 1997లో టెక్కెన్ 3లోకి ఎడ్డీ గోర్డో వచ్చినప్పుడు కపోయిరా గురించీ అదే ప్రశ్న వచ్చింది, ఇది డాన్సా, ఫైటా అని. నిజమైన కపోయిరా గురువు కదలికలను నమోదు చేసి అతన్ని తయారు చేశారు. బ్రెజిల్‌కు ఎన్నడూ వెళ్లని పిల్లలు చేతులమీద నిలబడి కాళ్లు తిప్పడం ఆ గేములోంచే నేర్చుకున్నారు. ఆ ఎడ్డీయే 2024లో టెక్కెన్ 8కు మొట్టమొదటి డీఎల్‌సీగా తిరిగొచ్చాడు. ఫైటింగ్ గేముకు చారిత్రక ధ్రువపత్రం అక్కర్లేదు. దానికి కావలసింది లయ, బరువు, చూడగానే ఎవరో తెలిసే నిలబడే తీరు.

పేరిణిలో ఈ మూడూ ఉన్నాయి. అరమండిలో మోకాళ్లు విప్పి నిలబడ్డ మనిషి ఆకారం నీడలో చూసినా పోల్చుకోవచ్చు. ఈ గేముల్లో సెకనును అరవై ఫ్రేములుగా కోస్తారు. టెక్కెన్‌లో అతివేగమైన గుద్దు తగలడానికి పది ఫ్రేములు పడుతుంది. నిమిషానికి నూట ఇరవై దెబ్బలు పడే మద్దెల లయలో దెబ్బకూ దెబ్బకూ మధ్య సరిగ్గా ముప్పై ఫ్రేములు. మూడు గుద్దుల చోటు. పేరిణి ఫైటర్ పాదం తట్టినప్పుడల్లా జతి ఒక మెట్టు పెరగాలి. దెబ్బ సరిగ్గా తాళంమీద పడితే బలం రెట్టింపవాలి, తప్పితే జతి తెగి మళ్లీ మొదటికి రావాలి. ఎదుటివాడు కూడా ఆ మద్దెలను వింటూనే ఉంటాడు కాబట్టి దెబ్బ ఎప్పుడు పడబోతోందో అతనికీ తెలుస్తుంది. కావాలని అరతాళం ఆగి కొట్టడంలోనే ఆటగాడి తెలివి తేలుతుంది. మృదంగం నేర్చుకునే పిల్ల ఈ ఫైటర్‌ను పట్టుకుంటే జతి ఎక్కడ తెగుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

నిజాయితీగా చెప్పాలంటే ఒక భారతీయ యుద్ధకళను వెతికే జపాన్ డిజైనర్‌కు ముందు దొరికేది కేరళ కలరిపయట్టు. దాని వీడియోలు, పుస్తకాలు, గురుకులాలు ప్రపంచమంతా ఉన్నాయి. పందెం కట్టమంటే నేనూ ముందు దానిమీదే కడతాను. అలాంటప్పుడు పేరిణి మాట ఎందుకంటే, ఈ అంచనాలు మన చేతిలో లేని వాతావరణం లాంటివి కావు గనుక. షాహీన్‌ను రూపొందించేటప్పుడు టెక్కెన్ నిర్మాత హరాదా బొమ్మను ముందే బయటపెట్టి, మాకు తెలియని తప్పులుంటే చెప్పమని అరబ్ అభిమానులను అడిగారు. నింటెండో 2015లో స్మాష్ బ్రదర్స్‌లోకి ఎవరు కావాలో ఓటు వేయమంది. ఆ ఓట్లలో ముందున్న సోరా ఆరేళ్ల తర్వాత, 2021 అక్టోబరులో, తర్వాతి గేముకు ఆఖరి ఫైటర్‌గా దిగాడు. అడిగినవాళ్ల మాట వినే అలవాటు ఈ రంగంలో ఉంది. కాకపోతే అడిగేవాళ్ల దగ్గర చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. పేరిణి నర్తకుణ్ణి ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి తీసిన మంచి వీడియో, ఒక్కో జతికి ఇంగ్లిషులోనో జపనీసులోనో నాలుగు మాటల వివరణ, తాలింఖానాల్లో ఇంకా మిగిలిన కర్రసాము, కత్తిసాము పట్లు. ప్రవాస సంఘాలు ఏటా వేదికలమీద పేరిణి ఆడిస్తూనే ఉన్నాయి. ఆ కెమెరాను కాస్త కింద, పాదాల దగ్గర పెట్టమంటాను.

ఫైటర్ వెనక కనిపించే బరి గురించీ ఒక మాట. రామప్ప గుడిని పెట్టాలని చాలామందికి తోస్తుంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక మరీను. గర్భగుడి ముందు బూట్లతో తన్నుకోవడం నాకు సమ్మతం కాదు. ఏనుగుల వరుస కూడా ఇక చాలు. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న మరిపెడ చుట్టుపక్కలకు ఎండాకాలం మొదట్లో వెళ్తే, మరిపెడ బంగ్లా దాటగానే చేల పక్కన మిర్చి కల్లాలు కనిపిస్తాయి. కనుచూపు మేర ఎర్రగా పరిచిన కాయ. అంచున టార్పాలిన్ పరదా నీడలో తాలుకాయ ఏరుతున్న ఆడవాళ్లు. పక్కన సగం నింపిన గోనె సంచులు. అక్కడ ఇద్దరు తలపడితే పాదం తట్టినచోటల్లా ఎర్రటి దుమ్ము లేవాలి. ఓడినవాడు కాయల్లో పడ్డప్పుడు ఏరుతున్నవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని తలెత్తి చూడాలి.