గెడ్డ నుండి సంగమం వరకు

నదీసముద్ర దృష్టాంతం వేదాంతాభ్యాసకులకు సుపరిచితమైనదే. సాగరాన్ని చేరిన నదికి వేరుగా ఒక పేరు, ఒక రూపం మిగలవన్నది దాని సారం. భీమునిపట్నంలో ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు ఈ దృష్టాంతాన్ని ముప్పై యేళ్ళకు పైగా బోధించారు. బోధించడానికి ఆయనకొక సౌలభ్యం కూడా ఉండేది. ఆయన ఇంటికి నడిచివెళ్ళగలిగినంత దూరంలోనే గోస్థనీ నది బంగాళాఖాతంలో కలుస్తుంది. సాయంకాలాలు విద్యార్థులను ఆ ఇసుకతిన్నెలపైకి తీసుకొనిపోయి, "ఇక్కడ గోస్థని ఏది, సముద్రమేది? విడదీసి చూపండి" అనేవారు. పిల్లలు మౌనంగా నిలిచేవారు. పాఠం అక్కడికి పూర్తయ్యేది.

ఆప్తులను కోల్పోయి వచ్చినవారికి కూడా ఆయన ఆ మాటే చెప్పేవారు. విన్నవారు కన్నీరు తుడుచుకొని నమస్కరించి వెళ్ళేవారు.

ఒక కార్తికమాసంలో ఆయన ధర్మపత్ని పరమపదించారు. పదవనాడు పరామర్శకు వచ్చిన పూర్వవిద్యార్థి ఒకడు, గురువుగారి వద్ద నేర్చిన ఆ దృష్టాంతాన్నే వినయంతో గురువుగారికి విన్నవించాడు. అందులో శాస్త్రదోషం ఏమీ లేదు. అయినా ఆయన అంతరంగంలో ఒక్క అణువు కూడా కదలలేదు. శోకం కన్న ఆయనను ఎక్కువగా కలవరపరచినది ఆ నిశ్చలత్వమే. ఇన్నేళ్ళు దుఃఖితుల చేతిలో తాను పెట్టినది ఇటువంటి మాటయేనా? నాటినుండి సాయంకాల ప్రవచనం ఆగిపోయింది. ఎవరైనా అడిగితే గొంతు బాగులేదని చెప్పేవారు.

ఏటిసూతకం గడిచింది. జీవితమంతా తాను ఈ నది అంతాన్నే చూచాననీ, ఆదిని ఒక్కనాడూ చూడలేదనీ ఆయనకు అప్పుడు స్ఫురించింది. మార్గశిరమాసంలో ఒక ప్రాతఃకాలాన విశాఖపట్నంలో కిరండూల్ రైలు ఎక్కారు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి 1960ల దశకంలో తూర్పుకనుమలను తొలిచి వేసిన మార్గమది. సొరంగం వెనుక సొరంగం. చీకటి, వెలుగు, మరల చీకటి. వెలుగు వచ్చినప్పుడల్లా లోయలో మంచు, వాలుల్లో అక్కడక్కడ వలిసె పూల పసుపు.

బొర్రాగుహలు అనంతగిరి కొండలలో, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. వర్షజలం గాలిలోని, మట్టిలోని అంగారవాయువును గ్రహించి స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు సున్నపురాతిని లక్షల సంవత్సరాలు కరిగించగా ఏర్పడిన గర్భాలయమది. కరిగిన సున్నమే బిందువు బిందువుగా జారి, గట్టిపడి, పైనుండి ఊడలుగాను, క్రిందనుండి స్తంభాలుగాను పెరిగింది. పూర్వం మేస్తున్న ఆవు ఒకటి పైనున్న రంధ్రంలో పడిపోయిందనీ, వెదుకుతూ దిగిన పశుపాలకుడికి లింగాకారశిల దర్శనమిచ్చిందనీ, గోవును కాపాడినది శివుడేనని గిరిజనులు కొలిచారనీ స్థలపురాణం. గోవుపొదుగు వంటి శిలనుండి జాలువారిన నీరే నది అయిందని విశ్వాసం. గోస్థని అనే నామానికి మూలం అదే. ఉపాధ్యాయుడు లింగం ముందు చాలాసేపు కూర్చున్నారు. ప్రార్థించడానికి మాట రాలేదు.

అక్కడినుండి కటికి జలపాతానికి బయలుదేరారు. కొంతదూరం జీపు, ఆపై కాలినడక. దారి నిటారుగా ఉంది. తోడుగా వచ్చిన గిరిజన యువకుడు ఒక కర్ర విరిచి ఆయన చేతికిచ్చాడు. "తాతా, ఆ రాయిమీద కాలెయ్యకండి, జారిపోతాది. ఇలాగ రండి" అంటూ ముందు నడిచాడు. మోకాళ్ళు నొప్పిపెట్టినచోటల్లా ఇద్దరూ ఆగారు. ఒకచోట చిన్న నీటిపాయ దారికి అడ్డంగా పారుతోంది.

"దీని పేరేమిటి నాయనా?"

"గెడ్డ, తాతా."

"గెడ్డ అంటే వాగు కదా. దీనికంటూ వేరే పేరు లేదా?"

"దీనికేం పేరుంటాది? ఇలాంటివి కొండనిండా ఉన్నాయి. అన్నీ కలిసి కిందకెళ్ళాక గోస్థని అంటారు."

ఆయన ఆ గెడ్డ అంచున కూర్చుండిపోయారు. ఇక్కడ పేరు లేదు. సంగమంలో పేరు ఉండదు. పేరున్నది మధ్యలోనే. ప్రాణులు ఆదిలో అవ్యక్తమనీ, మధ్యలో మాత్రమే వ్యక్తమనీ, అంతంలో మరల అవ్యక్తమనీ గీత రెండవ అధ్యాయంలో భగవానుడు చెప్పినది ఆయన ఎన్నిసార్లు వ్యాఖ్యానించారో! కాని ఎప్పుడూ రెండు కొసలను గురించే మాట్లాడారు. నడిమి భాగాన్ని, అది ఎట్లాగూ అనిత్యమే కదా అని, ఒక్క వాక్యంలో దాటివేశారు.

ఆ నడుమనే కదా ఈ నదికి తాటిపూడి వద్ద జలాశయం ఉన్నది! అక్కడి నీరు పొలాలకు పారుతోంది. విశాఖ నగరంలో ఎన్నో ఇళ్ళ కుండలలో నిండుతోంది. గోస్థని అంతా సముద్రంలోనే కలవలేదు. ఎంతో జలం దారిలోనే దాహమై తీరింది, అన్నమై ఉడికింది.

ఆయనకు తమ వంటిల్లు గుర్తుకు వచ్చింది. దూరపు ఊళ్ళనుండి ఖాళీ కడుపుతో వచ్చిన విద్యార్థిని ముఖం చూచి గుర్తుపట్టి, అడగకుండానే చద్దన్నం, మజ్జిగ పెట్టిన చేతులు గుర్తుకు వచ్చాయి. నాడు దృష్టాంతం చెప్పి ఓదార్చిన శిష్యుడు కూడ ఆ అన్నం తిన్నవాడే. ఆమెను గురించి ఒక్క మాటైనా మాట్లాడుకోకుండా ఇద్దరూ నేరుగా సముద్రానికి వెళ్ళిపోయారు.

సంవత్సరకాలంగా రాని కన్నీరు అప్పుడు వచ్చింది. యువకుడు ఏమీ అడగలేదు. గెడ్డలో దోసిలి కడుక్కొని, నీళ్ళు పట్టి, "తాగండి తాతా" అన్నాడు.

కొన్నాళ్ళకు భీమిలిలో ఒక మత్స్యకార స్త్రీ, తల్లిని పోగొట్టుకొని, ఆయన అరుగుమీదికి వచ్చింది. "మాస్టారూ, నది సముద్రంలో కలిసినట్టేనని మా నాన్న పోయినప్పుడు చెప్పారు కదా, మళ్ళీ ఒకసారి చెప్పండి" అన్నది.

"చెబుతానమ్మా. ముందు మీ అమ్మ ఎట్లా ఉండేదో నువ్వు చెప్పు" అన్నారాయన.

ఆమె చెప్పసాగింది. తల్లి ఎండబెట్టిన చేపల గంపలు, ఆమె కోపం, తుఫాను రాత్రి ఒడ్డున దీపం పట్టుకొని నిలబడిన సంగతి. దీపాలు పెట్టే వేళ దాటింది. చివరకు ఆమె తనంత తానే చెప్పడం ఆపి, సముద్రం వైపు చూచింది. ఉపాధ్యాయుడు కూడ అటే చూచారు. దృష్టాంతం ఆనాడు చెప్పవలసిన అవసరం రాలేదు.

మరునాటి సాయంకాలం ప్రవచనం తిరిగి ఆరంభమైంది. శాస్త్రవాక్యం మారలేదు. సముద్రాన్ని గురించి చెప్పేముందు, నది నడచిన దారిని గురించి ఆయన అడగడం నేర్చుకున్నారు.

ఓం తత్సత్.